అక్క దుకాణంలో నా బూట్‌లోడర్

జనగామలో మా అక్కకు ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం ఉంది. అక్కడి పాత కంప్యూటర్‌కు బూట్‌లోడర్, అంటే మీట నొక్కగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను డిస్క్ నుంచి మెమరీలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం, నేనే రాసి పెట్టాను. ఎవరూ అడగలేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముణ్ని కదా, సెలవు మీద వచ్చి ఊరికే ఉండలేకపోయాను.

అది నత్తనడక నడిచేది. ఫైలులో ఏ ముక్క ఎక్కడుందో చెప్పే జాబితా డిస్క్ మొదట్లో ఉంటుంది. నా ప్రోగ్రాం ప్రతి ముక్కకూ వెనక్కి పరిగెత్తి అదే జాబితాను మళ్లీ చదివేది. కంప్యూటర్ లేచేలోపు అక్క దుకాణం ఊడ్చి, చాయ్ తాగి, నన్ను తిట్టడం కూడా పూర్తిచేసేది.

అందుకే క్యాష్ పెట్టాను. ఒకసారి చదివినదాన్ని మెమరీలో దాచుకుని, మళ్లీ అడిగితే డిస్క్ దాకా పోకుండా అక్కడి నుంచే ఇవ్వడం. మర్నాడు కంప్యూటర్ చిటికెలో లేచింది. అక్క చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా గొప్ప ఇక చెప్పక్కర్లేదు.

రెండు రోజులకు, పొద్దున్నే తరిగొప్పుల నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయన కూతురి ఓణీల ఫంక్షన్ ఆ పూటే. ఫ్లెక్సీ డిజైన్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. కంప్యూటర్ ఇంకా ఆన్ చేయనేలేదు, ఆయనే తొందరపడి దాన్ని గుచ్చేశాడు. నేను దర్జాగా మీట నొక్కాను. సిస్టమ్ దొరకలేదని వచ్చింది తెర మీద. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.

“అక్కా, పదకొండింటికి పిల్లను కూసోవెడ్తరు. ఎనుక ఫ్లెక్సీ లేకుంటె నా బిడ్డ ఏడుస్తది,” అన్నాడాయన.

“ఏం జేసినవ్‌రా?” అంది అక్క నా వైపు తిరిగి.

ల్యాప్‌టాప్ తెరిచి కోడ్ చూసుకుంటే సిగ్గేసింది. దాచుకున్నది ఎన్నో నంబరు ముక్కో రాసుకున్నాను గానీ, ఏ డిస్క్‌దో రాసుకోలేదు. ముందు పెన్‌డ్రైవ్‌ను వెతికిన నా ప్రోగ్రాం, తర్వాత హార్డ్ డిస్క్ మొదటి ముక్క కావాలంటే పెన్‌డ్రైవ్ మొదటి ముక్కనే చేతిలో పెడుతోంది. ఊరి పేరు చూడకుండా ఇంటి నంబరు ఒక్కటే చూసి, చిల్పూర్ ఉత్తరాన్ని తరిగొప్పులలో ఇచ్చినట్టు.

ఇదంతా ఆ రైతుకు వివరిస్తున్నాను, పాపం ఆయన తలూపుతున్నాడు. ఈలోగా అక్క పెన్‌డ్రైవ్ పీకి మీట నొక్కింది. కంప్యూటర్ లేచింది. అప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టి ఫ్లెక్సీ ప్రింటు తీసింది. ఆయన దాన్ని చుట్టుకుని బండి మీద పరుగున పోయాడు.

సాయంత్రానికి తప్పు సరిదిద్దాను.

“అక్కా, ఇగ పెన్‌డ్రైవ్ వెట్టి ఆన్ జేసినా ఏం గాదు. చూడు!”

అక్క పెన్‌డ్రైవ్ పెట్టింది. మీట మీద వేలుంచి ఆగింది.

“నువ్వు జర బయటికి పో. గప్పుడు ఆన్ జేస్త.”

పోయాను.