ఆ బ్రెజిల్ నటుడి మేనమామ ఎవరు?

మా బాబాయి కూతురు శ్రావణికి సినిమాల్లో నటించాలని ఉంది. "నాన్నకి నువ్వే నచ్చజెప్పాలక్కా" అంటే ఈ రోజు ఉయ్యూరు వెళ్లాను. బ్రెజిల్ సీరియళ్లలో చిన్న వేషాలతో మొదలుపెట్టి హాలీవుడ్ దాకా వెళ్లిన ఒక నటుడి గురించి బాబాయికి చెప్పాను. ఎవరి అండా లేకుండానే పైకొచ్చాడన్నాను.

బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్ల నాన్నేం చేసేవాడు?"

"బస్సు డ్రైవరట."

"మేనమామ?"

"తెలీదు బాబాయ్."

"అదీ సంగతి. ముందు ఆ మేనమామ ఎవరో కనుక్కుని రా, అప్పుడు మాట్లాడదాం."

శ్రావణి నా వంక గుర్రుగా చూసింది.

తిరిగి బెజవాడ వచ్చే బస్సులో దారి పొడవునా ఫోన్లో వెతికాను. మేనమామ గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఇంత జాగ్రత్తగా దాచారంటే ఇప్పుడు నాకూ అనుమానంగానే ఉంది. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, అక్కడ పిల్ల ఎదురుచూస్తోంది.