సైకిలుకు కందెన పూసిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకన్నా మా చిన్నాయన సైకిలుకే మర్యాద ఎక్కువ. నాకు జ్వరమొస్తే ఇంత కషాయం పోసి పడుకోబెట్టేవాళ్లు. సైకిలు కీచుమంటే మాత్రం ఆదివారమంతా దానికి సేవలే! చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, పక్క ఊళ్లో పంతులు. రేగడి దారిలో రోజూ పోయి వచ్చే ఆ సైకిలును అప్పుడప్పుడు వాకిట్లో నాపరాళ్ల మీద తలకిందులుగా నిలబెట్టి, ఏ భాగానికి ఆ భాగం విప్పి, కడిగి, మళ్లీ బిగించేవాడు.

నేను ఐదో తరగతి పాసైన ఏడాది ఆయన కొత్త సైకిలు కొన్నాడు. పైచదువుకు నందికొట్కూరు పోవాలి. మా ఊరికి మూడు మైళ్లు. రోజూ బండి కట్టే తీరిక ఎవరికీ లేదు. పాత సైకిలు పాపకిస్తాను, తొక్కుకుంటూ పోతుందన్నాడు చిన్నాయన. సీటు అందకపోయినా అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేను అప్పటికే వీధులన్నీ తిరిగేస్తున్నాను.

ఆడపిల్ల సైకిలెక్కితే ఊరు నవ్వుతుందని మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, గొణిగింది. నాయన ఊరి మాట ఎత్తలేదు. "దోవలో సైకిలు చెడిపోతే ఏం జేస్తావు పాపా? సేన్ల మధ్యలో యాడ నిలబడి ఏడుస్తావు?" అన్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను. ఆ ఏడుపుతో నా చదువు అయిపోయినట్టే అనుకున్నాను.

చిన్నాయన ఊరుకోలేదు. "ఆదివారం సాయంత్రం దాకా ఆగన్నా. దాని సైకిలు అదే విప్పి అదే బిగిస్తాది. సూసి అప్పుడు చెప్పు" అన్నాడు. నాయన సరేనన్నాడు.

ఆదివారం పొద్దున్నే రెండు సైకిళ్లూ వాకిట్లో తలకిందులయ్యాయి. చిన్నాయన నా చేతికి ఒక పానా ఇచ్చి, తన కొత్త సైకిలు ముందు కూర్చున్నాడు. ఆయన తన సైకిలుకు ఏం చేస్తే నేను నా సైకిలుకు అదే చేయాలి. నా దాని మీద చెయ్యి మాత్రం వేయనన్నాడు. చక్రాల లోపలి గుండ్లు కిరసనాయిలులో కడిగి పెట్టడానికి గిన్నె కావాలంటే వంటింట్లోకి పోయి దొరికిన పళ్లెం తెచ్చాను. జేజి లబోదిబోమంది. "నీ పాసుగూల! సంగటి తట్టలో ఇనుప గుండ్లేందే?" అని నా వెంటపడింది. ఆ గలాటాలో ఒక గుండు దొర్లిపోతే కోడిపెట్ట గింజ అనుకుని పొడవబోయింది. నేను కోడి వెనక, జేజి నా వెనక. చిన్నాయన పానా పక్కన పెట్టి పడీపడీ నవ్వాడు.

మధ్యాహ్నానికి చక్రాలు ఎక్కించాను. వేలితో నొక్కితే అరంగుళం దిగేంత వదులు ఉంచి చైను బిగించాను. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చిన చోట వెతికి ప్యాచీ వేశాను. చైనుకు రెండు చుక్కల నూనె చాలన్నాడు చిన్నాయన. జొన్నరొట్టె తిని అరుగు మీద నడుం వాల్చి, పొద్దు వాలేదాకా గురక పెట్టాడు.

నాకేమో రెండు చుక్కలు ఏ మూలకనిపించింది. మాది సేద్యం చేసే ఇల్లు. బండి కట్టిన ప్రతిసారీ నాయన ఇరుసుకు ఆముదం, మసి కలిపిన కందెన దిట్టంగా పూసేవాడు. బండికి మంచిదైంది సైకిలుకు చెడ్డదెందుకవుతుంది? కందెన గొట్టం తెచ్చి చైనుకు పూశాను. ఇంకా మిగిలింది. వారపోయడం ఎందుకని చక్రాల రిమ్ములకు కూడా చుట్టూ పూసి, గుడ్డతో తుడిచి నిగనిగలాడించాను. ఎంత ముద్దొచ్చిందో నా సైకిలు!

చిన్నాయన లేచి మొహం కడుక్కునేలోపే నాయన వచ్చేశాడు. ముందు నేనెక్కి చూస్తానని తలగుడ్డ బిగించి ఎక్కాడు. మా వీధి పల్లం. సైకిలు చప్పుడు లేకుండా దూసుకుపోతుంటే నేను పొంగిపోయాను. వీధి చివర నాయన బ్రేకు పట్టాడు. సైకిలు ఆగలేదు. రెండు చేతులా పట్టాడు. ఊహూ! నేరుగా పోయి చివరింటివాళ్ల పేడదిబ్బలో పడ్డాడు. తలగుడ్డ ఒకవైపు, చెప్పులు ఒకవైపు.

వీధి వీధంతా నవ్వింది. నాయన నవ్వలేదు. లేచి, "ఏందిరా నువ్వు నేర్పింది?" అని చిన్నాయన మీదికి వచ్చాడు. "నాదే తప్పన్నా, నేను సూసుకోలేదు" అన్నాడు చిన్నాయన. పాపం, ఆయనకు కందెన సంగతే తెలియదు. నా నోరు ఊరుకోలేదు. "నేనే పూసినా నాయనా, కందెన. బండికి పూస్తే బాగ పోతాది గదా అని" అన్నాను.

నాయన పేడ చేతులు దులుపుకుంటూ నావైపు తిరిగాడు. "చెడిపోయింది గదా, ఇప్పుడేం జేస్తావు?" అన్నాడు.

ఈసారి ఏడవడానికి తీరిక లేదు. చిన్నాయన చేతులు కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. బ్రేకు రబ్బర్లు పట్టకుండా జారిన రిమ్ములను నేను కిరసనాయిలు గుడ్డతో తుడవబోతే, పొద్దున్నుంచి నన్ను తిడుతున్న జేజి చేటలో బూడిద, పీచు తెచ్చి పక్కన పెట్టింది. "దాంతో పోతాదేమే జిడ్డు? సంగటికుండ తోమినట్టు తోము" అంది. తోమాను. బ్రేకు రబ్బర్లు నాపరాయి మీద గీకి మళ్లీ బిగించాను. పడినప్పుడు హ్యాండిలు పక్కకు తిరిగింది. ముందు చక్రం మోకాళ్ల మధ్య ఇరికించుకుని తిప్పాలి. నా బలం చాలలేదు. ఎవరూ పిలవకుండానే నాయన వచ్చి చక్రాన్ని తన మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు. నేను తిప్పాను.

నాయన మళ్లీ ఎక్కాడు. పేడదిబ్బకు బారెడు ఇవతల సైకిలు టక్కున ఆగింది. దిగి, నెట్టుకుంటూ వచ్చి నా చేతికిచ్చాడు. "పొద్దున్నే తయారుగా ఉండు. పోయి బళ్లో పేరు రాయిస్తాం" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

ఆ పాత సైకిలు మీదే నా హైస్కూలు చదువు పూర్తయింది. దారిలో చైను ఊడింది, ముళ్లు గుచ్చుకున్నాయి, వాగు దగ్గర ఒకసారి బోర్లాపడ్డాను కూడా. ఇప్పుడు మా వీధిలో ఎవరైనా ఆడపిల్లను దూరం పంపడానికి జంకుతూ నా దగ్గరికి వస్తే, ఏమీ కాదులేమ్మా అని నేను చెప్పను. అవుతుంది. తప్పకుండా ఏదో ఒకటి అవుతుంది. బాగుచేసుకోవడం నేర్పించి పంపమంటాను.