పాత కర్నెల్ పీకని కంప్యూటరక్క

ప్రెస్సులో అందరికీ ఆవిడ కంప్యూటరక్కే. చేతులు మోచేతుల దాకా మడిచి, కీబోర్డుని ఉఫ్‌మని ఊది, "లేవవే ముసల్దానా" అని మిషన్ని ముద్దుగా తిట్టాకే పనిలోకి దిగుతుంది. పదేళ్ళుగా లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్న ఆ మిషను, కొత్తగా కొన్న ప్రింటర్ని గుర్తుపట్టనంది. "సాయంత్రం తుక్కు బండి వస్తుంది, దీన్ని ఎక్కించేద్దాం," అన్నాడు మేనేజరు. "ముందు నన్నెక్కించండి సార్!" అని, మిషనుకి ప్రాణంలాంటి కర్నెల్‌ని ఆ ప్రింటర్ని గుర్తుపట్టే కొత్తదానికి మార్చి, ఆపి ఆన్ చేసింది అక్క. తెరంతా నల్లగా అయిపోయింది.

"చంపేశావు కదమ్మా!" అని మేనేజరు పళ్ళికిలించాడు. అక్క తల కూడా తిప్పలేదు. కొత్త కర్నెల్ ఎక్కించినా పాతదాన్ని చెరపకుండా ఉంచుకోవడం ఆవిడ అలవాటు. మళ్ళీ ఆన్ చేసి, మొదట్లో కనిపించే కర్నెళ్ళ జాబితాలో పాతదాన్ని ఎంచుకోగానే మిషను లేచి కూర్చుంది. తెరని నడిపే డ్రైవర్ని కొత్తదానికి ఎక్కించడం మరిచిపోయిందట! నాలుక కరుచుకుని, అదీ ఎక్కించి, కొత్త కర్నెల్‌తో మళ్ళీ లేపింది. ఈసారి తెర వెలిగింది, ప్రింటరు గరగరమంటూ కాగితం కక్కింది.

"ఇంకేం, ఆ పాతది పీకెయ్," అన్నాడు మేనేజరు.

అక్క ఆ వేడి కాగితం ఆయన చేతిలో పెట్టింది. "పడిపోయినప్పుడు లేపినదాన్ని నేను పీకను. మీరు ముందు ఆ బండివాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పండి."