జాజు పాము

అశోక్ చౌక్ వెనక గల్లీలో బీడీలు చుట్టే చంద్రభాగతో పగ పెట్టుకోవడం కంటే మగ్గం గుంతలో పడి కాలు విరగ్గొట్టుకోవడం మేలని ఆడవాళ్లు అనుకునేవారు. కాలు కొన్నాళ్లకు అతుక్కుంటుంది. అలాంటి మనిషి పగ ఒకసారి తప్పు గుమ్మం తొక్కింది.

తొంభై నాలుగు ఎండాకాలంలో ఆమెకు వీపు ఎడమ పక్కన మొదలైన మంట పక్కటెముకల మీదుగా రొమ్ము కిందకు పాకింది. రోజంతా చాట ముందు వంగి కూర్చునే ఒళ్లు కదా, పట్టేసిందనుకుంది. ఆ తర్వాత అదే దారిన నీటి పొక్కులు లేచాయి. గల్లీ అంతా ఒకటే మాట, నాగీణ్, పొక్కుల రూపంలో ఒంటి మీద పాకే పాము. ఆ పాము ఒళ్లంతా చుట్టి, తలా తోకా కలిస్తే మనిషి దక్కదు. సోలాపూర్‌లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

పక్కింటి ద్రౌపది వెంటనే దవాఖానకు పోదామంది. వింటేనా? చంద్రభాగ మంత్రగాడు పెంటప్ప దగ్గరికి పోయింది. అతను నీళ్లలో ఎర్రమట్టి జాజు కలిపి పొక్కుల చుట్టూ గీత గీశాడు.

"పాముకు కట్టు వేసిన. జాజు దానంతటదే రాలాలె. చెరిపితే పాణం పోతది" అన్నాడు.

పొక్కులు మాడాయి కానీ నొప్పి పోలేదు. రవిక గుడ్డ తగిలినా నిప్పు పెట్టినట్టే ఉండేది. రొమ్ములో పోటు వచ్చినప్పుడల్లా గుండె ఆగిపోతుందనుకునేది. పెంటప్పను నిలదీసింది. తన మంత్రం తప్పిందని ఒప్పుకుంటాడా ఆ గుంటనక్క?

"నీ గోడకు గోడ ఆనుకున్నోళ్లే చేసిండ్రు" అన్నాడు.

గోడకు గోడ ఆనుకున్నది ద్రౌపదే. చిన్ననాటి నుంచి పక్కపక్కన కూర్చుని ఆకు కత్తిరించిన మనిషి. అయినా చంద్రభాగ నల్లా దగ్గర అందరి ముందూ దుమ్మెత్తి పోసింది.

"నువ్వే చేతబడి చేసినవ్. పెంటప్ప చెప్పిండు. నీ చేతులు పడిపోను."

ద్రౌపది నిండని బిందె ఎత్తుకొని పోయింది. ఆ రోజు నుంచి గల్లీలో ఎవరూ ఆమె చేతి చాయ్ తాగలేదు.

ఒకనాడు పోటుకు తాళలేక చంద్రభాగ కూలబడితే, భర్త ఎల్లయ్య ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ పరీక్ష చేయించి, గుండె బాగానే ఉందంది.

"చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా?"

"పోసిందమ్మా."

"ఆ పురుగే నరంలో దాక్కొని ఇన్నేళ్లకు లేచింది. ఆ నరం వీపు నుంచి రొమ్ము దాకా ఉంటుంది. అందుకే నొప్పి ఆ దారినే పోతోంది."

"ఎవరన్నా చేస్తే రాదా?"

"ఎవరు చేస్తారు? పొక్కులు లేవగానే వచ్చుంటే మందుతో ఇంత ముదిరేది కాదు."

రాత్రి వేసుకునే చిన్న మాత్ర రాసిచ్చింది. మెత్తని నూలు బట్ట కట్టుకోమంది, మంట పుట్టినప్పుడు చల్లని తడిగుడ్డ వేసుకోమంది. తగ్గడానికి నెలలు పట్టవచ్చని, రొమ్ములో కొత్తగా నొప్పి వస్తే నరమేలే అని ఊరుకోవద్దని చెప్పింది. చంద్రభాగకు చివరి మాటలు సగమే వినబడ్డాయి. ద్రౌపది మొదటి రోజే చెప్పిన మాట చెవిలో గింగురుమంటోంది. ఈసారి ఆమె పగ పెంటప్ప మీదికి మళ్లింది.

అమావాస్య నాడు పెంటప్ప ఇంటి ముందు జనం కిటకిటలాడుతారు. పట్టపగలు, ఆ జనం మధ్యలోంచే, చంద్రభాగ లోటా నిండా జాజు కలుపుకొని పోయి అతని తలుపు మీద పామును గీయడం మొదలుపెట్టింది. పెంటప్ప తువాలు భుజాన వేసుకొని పరుగున వచ్చాడు.

"ఏందే, పిచ్చి లేసిందా?"

"చెరుపు మహారాజ్. చెరిపితే ఏమైతదో నువ్వే చెప్పినవ్ గద."

చెరపడానికి ఎత్తిన చెయ్యి దించేశాడు పెంటప్ప. వచ్చిన జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

పామును గుండ్రంగా తిప్పుకొచ్చింది. తలకూ తోకకూ మధ్య బెత్తెడు సందు మిగిలేసరికి చంద్రభాగ చెయ్యి ఆగిపోయింది. డాక్టరమ్మ ఎంత చెప్పినా, ఉగ్గుపాలతో తాగిన భయం ఒక్క మాత్రతో పోతుందా?

అప్పుడు జనంలోంచి ద్రౌపది వచ్చింది. చంద్రభాగ ముఖం కూడా చూడలేదు. లోటాలో వేలు ముంచి, తోకను తెచ్చి తలకు కలిపింది. వేలిని పెంటప్ప తువాలుకే తుడుచుకుంది.

"చేతబడి నేను చేసిన అన్నవ్ గద మహారాజ్" అంది. "ఇగో, ఇప్పుడు చేసిన."