పదిహేడో నంబరు పానా

ఎనభై మూడులో పోర్టు వర్క్‌షాపు నుంచి ఫిట్టరుగా రిటైరైన రత్నరాజు, గాజువాకలో తన పెరట్లోనే ఇంకో వర్క్‌షాపు పెట్టి పాత ట్రాక్టర్లు బాగుచేస్తానన్నాడు. రేకుల షెడ్డు వేసి, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించాడు. వచ్చినవాళ్ళు టీ తాగి, ఇంతకీ ట్రాక్టరేదని అడిగారు. ట్రాక్టరు లేదు గాని పద్ధతులన్నీ ఉన్నాయి. పొద్దున్న ఎనిమిదికి రైలుపట్టా ముక్క మీద గంట కొట్టేది ఆయనే, అది విని పనిలోకి వచ్చేదీ ఆయనే. గోడ మీద ఒక్కో పానాకి బొమ్మ గీసి, మేకు కొట్టి, నంబరు వేశాడు. పానా తీసినవాళ్ళు ఆ మేకుకి తమ పేరున్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి. స్టోరుకీపరు పదవి భార్య ప్రేమలీలకి దక్కింది. జీతం లేదు, పొయ్యి మీద పోపు ఉన్నా పిలిస్తే రావాలి.

ఆఖరికి సబ్బవరం నుంచి గవర్రాజు తన ట్రాక్టరుని లారీకి కట్టించి లాక్కొచ్చాడు. ఆరేళ్ళుగా దాని సీటు మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. తొలకరికి నడిస్తే చాలన్నాడు. ఈ ధైర్యంతోనే ఎడ్లని అమ్మేశాడట.

రత్నరాజు ప్రతి బోల్టూ ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, చీటీ కట్టాడు. ఫిట్టరుగా బిగించి, ఫోర్మన్‌గా సంతకం పెట్టి, ఇన్‌స్పెక్టరుగా తప్పులు పట్టాడు. తర్వాత నాలుగు రోజులూ ఎర్రరంగు పనే. గోడ వైపు చూడాల్సిన అవసరం పడలేదు.

ఇంతలో వాన పడింది. మర్నాడే గవర్రాజు తాటిముంజెల గెలతో దిగాడు. కోప్పడదామని వచ్చే మనిషి ముంజెలు మోసుకురాడని ప్రేమలీల మనసులోనే దేవుడికి వందనాలు చెప్పుకుంది.

ఇంజను తిప్పబోతూ రత్నరాజు గోడ చూశాడు. పదిహేడో నంబరు పానా లేదు. మేకుకి బిళ్ళా లేదు.

పానా ఇంజనులో ఉండిపోయిందేమో. తిప్పితే లోపలంతా ముక్కలే. పద్ధతి ప్రకారం మళ్ళీ విప్పాలి, పది రోజుల పని.

“పది రోజులకి పదును ఆరిపోద్ది బావా. ఎడ్లు కూడా లేవు. నానేటి సేత్తాను?” అన్నాడు గవర్రాజు మెల్లగా.

రత్నరాజుకి జాలేసింది గాని, ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు. మొదటి బోల్టు మీద చెయ్యి పడేసరికి ప్రేమలీల కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఇప్పకండి. అది బోరింగు కాడ ఉంది.”

మూడు రోజుల కిందట వీధి బోరింగు నట్టు వదులైతే, పక్కింటి జన్నత్ బీ ఖాళీ బిందెతో వచ్చి నిలబడిందట. స్టోరుకీపరు బిళ్ళ అడగలేదు. ఆ నట్టు పూటపూటకీ జారిపోతోంది. ఎవరికి వారు బిగించుకుని నీళ్ళు పట్టుకుంటున్నారు. చెబితే ఆయన వెళ్ళి తెచ్చేసుకుంటారని ప్రేమలీల ఆ మాట దాచింది.

రత్నరాజు బోరింగు దాకా నడిచాడు. వరసలో ఆడవాళ్ళు తప్పుకున్నారు. పానా కొబ్బరితాడుతో కట్టి ఉంది, తుప్పు పట్టకుండా ఎవరో నూనె కూడా రాశారు. తాడు విప్పబోయి, ఆగి, వెనక్కొచ్చాడు. పదిహేడో మేకుకి తన బిళ్ళే తగిలించాడు.

“పానా నా పేరు మీద బయటుంది. తిప్పు,” అన్నాడు గవర్రాజుతో.

ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. గవర్రాజు సింహాచలం వైపు దణ్ణం పెట్టి ఎక్కి, బోరింగు దగ్గర ఆపి, జన్నత్ బీకి ముంజెలిద్దామని దిగాడు. పంచె వెనక సీటంత ఎర్ర ముద్ర. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

రెండో పూత ఆరలేదని ఇన్‌స్పెక్టరు రిజిస్టరులో రాసుకున్నాడు.