ఆరని బెంచీ

నోటితో చెప్పింది గాలికి పోతుందని మావయ్య నమ్మకం. అందుకే ఏం చెప్పాలన్నా బోర్డు రాసి పాతేస్తాడు. ఊరి చివర పక్షుల చెరువుకి ఆయన గార్డు. "కొంగలు పడుకున్నాయి, గుసగుసలాడండి" అని ఒకటి. "ఈ పొద వెనక ఏమీ లేదు, చూడకండి" అని ఇంకొకటి. అది పెట్టాక ఊళ్ళో సగం మంది ఆ పొద వెనక చూసొచ్చారు. ఇంట్లోనూ అంతే. అత్తయ్యతో మాటామాటా వస్తే వంటింటి గుమ్మానికి "నేను అలిగాను" అని వేలాడదీస్తాడు. కాఫీ వేళకి తనే తీసేస్తాడు.

అలాంటి మావయ్యకి పై ఆఫీసరుగా, చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి తిరిగిన సొంత మేనకోడలే వచ్చింది. మొదటిరోజే ఆమె టేబుల్ మీద చిన్న బోర్డు వెలిసింది: "డ్యూటీలో మేడమ్. ఇంటి దగ్గర బుజ్జి."

నవ్వే తీరిక ఆమెకి దొరకలేదు. చెట్లకన్నా బోర్డులే ఎక్కువున్నాయనీ, శుక్రవారం తనిఖీ నాటికి పీకించకపోతే గార్డుని గోడౌనుకి మార్చేస్తామనీ పైనుంచి కాగితం వచ్చింది. చెరువు కనపడకపోతే మావయ్యకి ముద్ద దిగదని ఆమెకి తెలుసు.

ఇద్దరూ తోపుడుబండితో బయల్దేరి అరవై మూడు బోర్డులు పీకారు. ఒక్కోదానికీ మావయ్య పన్ను పీకించుకుంటున్నట్టు మొహం పెట్టాడే గాని అడ్డు చెప్పలేదు. చెరువు గట్టున నీడలో ఉన్న ఒకే ఒక్క బెంచీ దగ్గర మాత్రం చేతులు చాచి నిలబడిపోయాడు. దాని మీద బోర్డు: "పెయింటు తడి. కూర్చోకండి."

ఆమె వేలితో రుద్దింది. దుమ్ము అంటింది.

"ఎప్పుడు వేశావు మావయ్యా?"

"నాలుగేళ్ళవుతోంది మేడమ్."

అంతలో రిటైరైన బస్సు డ్రైవరు కర్ర పోటేసుకుంటూ వచ్చి, బోర్డు వైపు చూడనైనా చూడకుండా ఆ బెంచీ మీద చతికిలబడ్డాడు.

"ఈ ఊరి జనానికి కూర్చునే ఓపిక కూడా లేదమ్మా," అన్నాడు ఆమెతో. "ఎప్పుడొచ్చినా ఇది ఖాళీయే."

మావయ్య ఆమెని పక్కకి తీసుకెళ్ళాడు. "ఎవరైనా లేచి చోటిస్తే, నేనేమన్నా ముసలాణ్ణా అని వెనక్కి వెళ్ళిపోతాడు. ఆ మోకాళ్ళతో. కళ్ళజోడు పెట్టుకోడు కాబట్టి బోర్డు చదవలేడు."

శుక్రవారం తనిఖీకొచ్చిన పెద్దాఫీసరు మిగిలిన ఆ ఒక్క బోర్డునీ అనుమానంగా చూసి, బెంచీ చివర వేలు పెట్టాడు. వేలు ఆకుపచ్చగా వచ్చింది. ఆ జానెడు మేరా తెల్లవారగానే ఎవరు పూశారో మేనకోడలి గోళ్ళు చూస్తే తెలిసేది. ఆయన చూడలేదు.

"ఆరాక తీసేయండి," అన్నాడు.

"ఆరగానే తీసేస్తాం సార్," అంది ఆమె.

మర్నాడు ఆమె టేబుల్ మీది బోర్డు మారింది: "డ్యూటీలోనూ బుజ్జే." ముట్టుకుంటే రంగు ఇంకా తడిగానే ఉంది.