మొలతాడుకు కట్టిన సంతకం

కాలికి చెప్పులున్నట్టే ప్రతి మనిషికీ సొంతంగా ఒక కంపెనీ ఉండాలని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఇరవయ్యారేళ్ల వయసు. తుమ్మలపల్లె గని దగ్గర ఒక కాంట్రాక్టరు కింద గని లోపలికి గాలి పంపే గొట్టాల డ్రాయింగులు గీసే పని, పులివెందులలో ఒక అద్దె గది (ఆ గదిలో నాకంటే ముందునుంచీ ఉన్న బల్లి నన్ను చివరిదాకా చుట్టంగానే చూసింది). అట్లాంటి నాకు ఫిన్లాండులోని ఒక గని వాళ్లు ఐదు నెలల పని ఇస్తామన్నారు. ఉద్యోగిగా మాత్రం తీసుకోరట. నా సొంత కంపెనీ తరఫున వెళ్లాలి, లేదంటే అక్కడి మధ్యవర్తి కంపెనీలో పేరు రాయించుకొని వాళ్ల మనిషిగా వెళ్లాలి. ఈ రెండింటికీ తేడా తెలుసుకుందామని కర్నూలులో ఒక ఆడిటరు దగ్గరికి వెళ్లాను. వెంట మా మామ వచ్చాడు. మామ అంటే మా అమ్మకు అన్న, బనగానపల్లెలో మామిడికాయల దళారి. నాకు ఐదేళ్లప్పుడు నాన్న పోయినప్పటినుంచి మా ఇంటికి ఏ కాగితం వచ్చినా మొదట ఆయన చేతికే వెళ్లేది. చదవడం తర్వాతి సంగతి.

ఆడిటరు ఓపిక ఉన్న మనిషి. "చూడప్పా, ఐదు నెలల పని గదా. ఆరు నెలల లోపల కాబట్టి నీ కంపెనీ పేరు మీద పోతే పన్ను ఈడ కట్టుకోవచ్చు. ఇంకొకరి కింద జేరితే వాళ్ల కమిషను వాళ్లు పట్టుకుంటారు, పన్ను మొదటి నెలనుంచే ఆడ కోస్తారు. ఒక్కని పేరు మీద పెట్టుకునే కంపెనీ కూడా ఉండాది, దానికి తతంగం తక్కువ" అన్నాడు. మామకు ఆ చివరి మాట అవమానంగా తోచింది. "ఒక్కడే కూచుంటే దాన్ని అంగడి అంటారు సారూ. కంపెనీ అంటే ఇద్దరన్నా ఉండల్ల. ఇంటిపెద్ద పేరు లేని యాపారం యాడ నిలబడింది?" అన్నాడు. నాకూ అదే సబబు అనిపించింది. అట్లా మా మామ డైరెక్టరు అయ్యాడు. మూడు నెలలకొకసారి డైరెక్టర్లిద్దరూ మీటింగు జరిపి, మాట్లాడుకున్నది పుస్తకంలో రాయాలని ఆడిటరు చెప్పాడు. లోకంలో అందరూ ఆ రాతపని ఆడిటరుకే వదిలేసి ఏడాది చివర సంతకాలు పెడతారు. మామ మాత్రం ఆ సాయంత్రమే పాతబస్తీలో పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం కొని, మొదటి మీటింగు బస్టాండులోనే జరిపించాడు. అజెండా, రెండు టీలు.

తర్వాత డిజిటల్ సంతకాలు వచ్చాయి. వేలెడంత పెన్‌డ్రైవుల్లాంటివి, ఇద్దరికీ చెరొకటి. కంప్యూటరుకు గుచ్చి పాస్‌వర్డు కొడితే సంతకం పడుతుంది. ఊళ్లో అందరివీ ఆడిటర్ల సొరుగుల్లోనే పడి ఉంటాయి, మా ఆడిటరూ సొరుగు తెరిచి చెయ్యి చాచాడు. మామ ఇవ్వలేదు. "నా చెయ్యి తీసి నీ సొరుగులో పెట్టుకుంటానంటే ఎట్ల సారూ?" అన్నాడు. ఆయన బాధ నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. నలభై ఏళ్లు మండీలో తువ్వాలు కప్పుకొని, దాని కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకొని ధర తేల్చిన మనిషి ఆయన. ఆయన ఎరిగిన సంతకమంటే అదే. అది తన ఒంటి మీదే ఉండాలని మొలతాడుకు కట్టుకున్నాడు.

ఉగాది ముందర ఒక బుధవారం ఫిన్లాండు నుంచి ఒప్పందం వచ్చింది. ఇద్దరు డైరెక్టర్ల డిజిటల్ సంతకాలతో శుక్రవారం వాళ్ల ఆఫీసు మూసేలోగా పంపాలి. నేను పరుగున బనగానపల్లె పోతే మామ లేడు. "నడక మీద శ్రీశైలం పాయ గదప్పా, సోమవారమే" అంది అత్త. మరి సంతకం? "మొలతాడుకే ఉండాది. స్నానానికి కూడా తీయడు." ఫోను చేస్తే అందుబాటులో లేదంది. నల్లమల లోపల ఎవరి ఫోనూ అందుబాటులో ఉండదు. గురువారం ఆత్మకూరు దాకా బస్సులో, అక్కడినుంచి నాగలూటి దాకా ఆటోలో పోయి, భుజాన లాప్‌టాప్‌తో అడవిలోకి నడిచాను. దారి పొడుగునా కర్ణాటక యాత్రికులు నన్ను చూసి జాలిగా మజ్జిగ పోశారు. ఇంత చిన్న వయసులో ఇంత పెద్ద బరువుతో మొక్కు తీర్చుకుంటున్నాడంటే ఎంత పాపం చేశాడో అనుకొని ఉంటారు.

శుక్రవారం పొద్దున పెద్దచెరువు దగ్గర అన్నదానం పందిట్లో మామ దొరికాడు. పాదాలు రెండూ బొబ్బలెక్కి, ఆముదం పట్టించుకొని కూర్చున్నాడు. నన్ను చూసి మొహం వెలిగిపోయింది. "నువ్వూ వచ్చినావా అల్లుడా? మంచి పని చేసినావు" అన్నాడు. నేను విషయం చెప్పాను. ఆయన మొలతాడు మీద చెయ్యి వేసుకొని తల అడ్డంగా ఊపాడు. "మొదటి ఒప్పందం మీద సంతకం దీన్ని సామి పాదాల కాడ పెట్టినంకనే అని మొక్కుకున్నా. అందుకే నడుస్తాండేది. రేపు దర్శనం కాంగానే చేస్తా."

"రేపటికి పని పోతాది మామా."

"పోదులే. సామి చూసుకుంటాడు."

నిద్ర లేదు, కాళ్లు పుండ్లు, ఎండ. అవన్నీ సాకులే. నోట్లోంచి వచ్చింది మాత్రం నా మాటే. "కాయలమ్ముకునేటోనికి నీకేం తెలుసు ఇవన్నీ? నువ్వేమన్నా మా నాయనవా?" అన్నాను. పందిట్లో విస్తళ్లు వేస్తున్నవాళ్లు కూడా ఆగిపోయారు.

మామ పంచె కాస్త వదులు చేసి, మొలతాడు ముడిని చాలాసేపు తడుముకొని విప్పాడు. దాన్ని లాప్‌టాప్‌కు గుచ్చాను. పాస్‌వర్డు కొట్టమంటే భుజం మీది తువ్వాలు తీసి కీబోర్డు మీద కప్పి, దాని కింద ఒక్కొక్క వేలే నొక్కాడు. మరొకప్పుడైతే పొట్ట పట్టుకొని నవ్వేవాణ్ణి. సంతకం పడింది. దాన్ని ఊడదీసి ఆయనకివ్వబోతే, "నీ కాడనే పెట్టుకో. ఆ సారు సొరుగులోనే ఎయ్యి" అని, చేతికర్ర తీసుకొని లేచాడు. నేను వెనక్కి, ఆయన ముందుకు. శ్రీశైలానికి ఆయన ఉత్త చేతులతోనే వెళ్లాడు.

సంతకమైతే పడింది గాని పంపడానికి సిగ్నలు లేదు. (అది నాకు అడవిలోకి పోయేటప్పుడే తట్టి ఉండాల్సింది, ఇంజనీరునని చెప్పుకునేవాణ్ణి కదా.) ఆత్మకూరు చేరి పంపేసరికి రాత్రి తొమ్మిదయింది, అక్కడ ఆఫీసు మూసేశారు. సోమవారం జవాబు వచ్చింది. గడువు దాటింది, కావాలంటే మధ్యవర్తి కంపెనీ కింద రావచ్చట. వెళ్లాను. ఎన్నడూ మొహం చూడని కంపెనీకి మనిషినై, మొదటి నెలనుంచే పన్ను కోయించుకుంటూ మంచులో గొట్టాలు గీశాను. ఐదు నెలలనుకున్నది ఒక గని తర్వాత ఇంకో గనిగా ఏడేళ్లయింది. మా సొంత కంపెనీ ఒక్క ఇన్వాయిసు కూడా రాయలేదు. మామ సంతకం సొరుగులో ఉండి ఏటా సున్నాల లెక్కల మీద పడుతూ వచ్చింది. ఆడిటరు అడిగినప్పుడల్లా మామ ఫోనులో "కానీండి సారూ" అనేవాడట. నాకు ఫోను చేసినప్పుడు మాత్రం "మీటింగుకు ఎప్పుడొస్తాండావు అల్లుడా?" అని అడిగేవాడు. హాస్యమాడుతున్నాడనుకొని "కంపెనీలో ఏముండాదని మామా మీటింగు?" అని నేను నవ్వేవాణ్ణి. పెద్దచెరువు ప్రస్తావన ఇద్దరమూ ఎన్నడూ తేలేదు. క్షమించమని అడగడానికి ఎదురుగా కూర్చోవాలి కదా, ఈసారి పోయినప్పుడు అడుగుదామనుకుంటూ ఏళ్లు గడిపేశాను. ఎన్నిసార్లు వచ్చినా పెళ్లో, తద్దినమో చూసుకొని వెళ్లిపోయేవాణ్ణి.

పోయిన కాయల కాలంలో మామ పోయాడు. నేను చేరేసరికి నాలుగో రోజు. దినాలయ్యాక ఆడిటరు, "ఇంక ఆ కంపెనీ మూసేద్దాం అప్పా. మీటింగు పుస్తకం తెచ్చియ్యి" అన్నాడు. పుస్తకమనేది ఒకటి ఉందన్న సంగతే మరిచిపోయాను. అత్తనడిగితే మండీలో గల్లాపెట్టె కిందనుంచి ఆ ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి పెట్టింది. మొదటి పేజీలో బస్టాండు మీటింగు, కింద మా ఇద్దరి సంతకాలు, టీ మరక. పేజీ తిప్పాను. మామ చేతిరాత, అక్షరానికీ అక్షరానికీ కాయ పట్టేంత ఎడం.

"సామి దర్శనం అయినది. కంపెనీ బాగుండాలని మొక్కినాను. అల్లుడు కోపంలో ఉన్నాడు. మీటింగు వాయిదా."

ఆ తర్వాత మూడు నెలలకొకటి, ఒక్కటీ తప్పిపోలేదు. "హాజరు ఒకరు. అల్లుడు రాలేదు. మీటింగు వాయిదా." "ఆడ చలి శానా ఉన్నదంట. మీటింగు వాయిదా." "కాపు బాగున్నది. చెప్పుకోను రెండో డైరెక్టరు లేడు. వాయిదా." ప్రతి దాని కింద ఆయన సంతకం, పక్కన నా సంతకానికి వదిలిన ఖాళీ చోటు. సంతకమంటే ఆయన చేతిదే, సొరుగులోది కాదు. మామిడికాయల వాసన కొట్టే మామ గదిలో కూర్చొని ఏడ్చాను. సొంత కంపెనీ చేజారిందని ఏడేళ్లు గొణుక్కున్న కుర్రవాడు గుర్తొచ్చి ఆ ఏడుపులోనే కాస్త నవ్వూ వచ్చింది. వాడి కంపెనీ ఇక్కడ నిక్షేపంగా నడుస్తూనే ఉంది, వాడికే తెలియదు.

"మూసేస్తాండావా అప్పా?" అని అడిగింది అత్త.

పెన్ను తీసి చివరి పేజీలో రాశాను. రాసింది అత్తకు చదివి వినిపించి, పక్కన ఆయనకు చోటు వదిలి, కింద సంతకం చేశాను.

"హాజరు ఒకరు. పెద్ద డైరెక్టరు రాలేదు. మీటింగు వాయిదా."